పసుపు పూసిన లోడ్‌లైన్

ఈ అనుభవాన్ని రాసి ఉంచక తప్పదని నాకు తోచింది దేవరకొండ గ్రంథాలయంలో. నౌకరీ చాలించిన నాటి నుంచి పొద్దున్నే అక్కడికి పోయి కూర్చోవడం నా అలవాటు. ఒకనాడు ఎదుటి కుర్చీలో పత్రిక చదువుతున్న ఉపాధ్యాయుడొకాయన, "పెద్దాయనా, మీరు ఏం నౌకరి చేసిండ్రు?" అని అడిగాడు.

"పడవల సర్వే" అన్నాను.

ఆయన పత్రిక మడిచి నవ్వాడు. "మన దేవరకొండల పడవలా? బాయిల నీళ్లు కనవడాలంటెనే వంగి చూడాలె!"

ఆయన నవ్వడంలో తప్పులేదు. గుట్టలు, ఆముదపు చేన్లు, జొన్నచేన్లు తప్ప వేరే ఏదీ కనిపించని ఈ తాలూకాకు దక్షిణపు అంచు కృష్ణ అని, సాగర్ ఆనకట్ట రాకముందు ఆ అంచున రేవులుండేవని, ఆ రేవుల్లో తిరిగే ప్రతి పడవనూ ప్రభుత్వం ఫీజు తీసుకుని పరీక్షించి, భద్రమేనని సర్టిఫికెట్ ఇచ్చేదని ఆయనకు ఎవరు చెప్పారు గనుక? రేవులు ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగున ఉన్నాయి. మా దఫ్తరు ఎప్పుడో ఎత్తేశారు. చెప్పగలిగిన వాళ్లలో నేనొకణ్ణి మిగిలాను. అందుకే ఈ ఒక్క పడవ సంగతి రాస్తున్నాను.

అది 1949. పోలీసు చర్య జరిగి ఏడాది నిండలేదు. రజాకార్ల భయం పోయింది గాని, అడవుల్లో దళాలు, రోడ్ల మీద మిలిటరీ, మధ్యలో ఊళ్లు. నేను దేవరకొండలో రేవుల దఫ్తరులో సర్వే గుమాస్తాను. చదువు ఉర్దూ మీడియంలో మిడిల్ వరకే. తెలుగు, కొంచెం ఇంగ్లీషు గ్రంథాలయంలో నేర్చుకున్నవి. ఈ పనిలో చేరాక అక్కడ ఓడల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. సముద్రం చూడకుండానే ఓడల గురించి తెలుసుకున్న మనిషినని నాకు ఇప్పటికీ కొంచెం గర్వమే.

పుస్తకాల్లో చదివినదానికీ మా పనికీ తేడా పరిమాణంలోనే ఉండేది. పెద్ద రేవుల్లో ఓడ కదలాలంటే సర్వేయర్ వచ్చి చూడాలి, ఓడ మోసే బరువును బట్టి ఫీజు కట్టాలి, సర్టిఫికెట్ పొందాలి. మా దగ్గరా అంతే. వెదురుబుట్టకు తోలు కుట్టిన పుట్టికి ఒక ఫీజు, చిన్న పడవకు ఒకటి, బరువు మోసే పెద్ద పడవకు ఇంకొకటి. ఫీజు ముందే తాలూకా ఖజానాలో జమ కావాలి. ఆ తర్వాతే సర్వే. పడవ పరీక్షలో నెగ్గకపోతే డబ్బు వాపసు రాదు. ఈ చివరి నియమం మీద ప్రతి రేవులోనూ పంచాయితీ అయ్యేది.

రాములు పడవ దగ్గరా అదే పంచాయితీతో మొదలైంది.

రాములు బెస్తవాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. మా తాలూకాలో పెద్దగుండు రేవు అనే చోట ఆయనదొక్కటే పెద్ద పడవ. రజాకార్ల కాలంలో జనం నది దాటి అవతలి ఇండియన్ యూనియన్ ప్రాంతానికి పారిపోకుండా రజాకార్లు రేవుల్లో పడవలను పట్టుకుపోయేవారు, అడుగులు పగలగొట్టేవారు. రాములు ముందే తెలివిగా తన పడవ నిండా రాళ్లు వేసి మడుగులో ముంచేశాడు. పోలీసు చర్య తర్వాత రాళ్లు తీసి పైకి లేపాడు. కొత్త ప్రభుత్వం సర్టిఫికెట్ లేని పడవ నీళ్లలో దిగకూడదని ఉత్తర్వు చేయడంతో ఫీజు కట్టి మమ్మల్ని పిలిచాడు. ఉగాది దాటిన ఎండల్లో నేను మా ఇన్‌స్పెక్టర్ ఖాదర్ సాహెబుతో కలిసి రేవుకు పోయాను.

"అన్ని నెలలు నీళ్లలో ఉంది కదా, చెక్క కుళ్లి ఉంటుంది" అన్నాను.

"నీళ్లల్ల మునిగిన కట్టె చెడదు సారు. ఒడ్డున ఎండకు పెడ్తెనే పగుల్తది" అన్నాడు రాములు. "మనుషులు చెడ్డరు గని, కట్టె మంచిగనే ఉంది."

ఆర అనే ఇనుప సూది తీసుకుని పలక పలకనూ పొడిచి చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఆర మొన దిగలేదు. తర్వాత కాకింగ్ చూడాలి. కాకింగ్ అంటే పలకల సందుల్లో జనపనార కూరి, దాని మీద గుగ్గిలం పూయడం. పడవను ఒడ్డున నిలిపి లోపల నీళ్లు పోశాం. బయటికి ఎక్కడ చుక్క కారితే అక్కడ సందు ఉన్నట్టు. రెండు మూడు చోట్ల కారింది. రాములు అక్కడే కూర్చుని నార కూరాడు.

ఆ పని చేస్తూనే అడిగాడు. "సారు, పడవ నపాస్ అయితె పైసలు వాపస్ ఇస్తరా?"

"ఇవ్వరు."

"మునిగే పడవకు గూడ ఫీజేనా?"

"ఫీజు పడవ తేలినందుకు కాదు రాములూ. మేము చూసినందుకు."

గంపలో గుగ్గిలం తెస్తున్న ఆయన భార్య బాలమ్మ ఆ మాట విని ఆగింది. "చూసినందుకే పైసలా? గట్లయితె నన్ను చూడొచ్చినోళ్లందరి దగ్గర మా నాయిన వసూల్ చేస్తె ఇయ్యాల మిద్దె కడుతుండె."

ఖాదర్ సాహెబు గొడుగు కింద కూర్చుని నవ్వారు. "ఎంతమంది వచ్చిండ్రమ్మా?"

"శానమందే వచ్చిండ్రు సాబ్. ఆఖరికి గీ పడవాయనె ఒప్పుకున్నడు."

"నేనొప్పుకున్ననా? మీ నాయిన నా వల పట్టుకొని ఇడ్సిపెట్టలే" అన్నాడు రాములు తల ఎత్తకుండా.

చివరిది లోడ్ పరీక్ష. పడవను నీళ్లలో దించి, ఇసుక మూటలు వేస్తూ, మనుషుల్ని ఎక్కిస్తూ పోతాం. పడవ అంచు నుంచి నీటి మట్టం దాకా తడవకుండా మిగిలే భాగాన్ని ఫ్రీబోర్డ్ అంటారు. నది పొంగినప్పుడు అల లోపలికి రాకుండా కాపాడేది ఆ పొడి భాగమే. అది కావలసినంత మిగిలి ఉండగానే బరువు ఆపి, నీటి మట్టం ఉన్న చోట పడవకు రెండు వైపులా గీత గీస్తాం. అదే లోడ్‌లైన్. బరువెక్కిన పడవ ఆ గీత దాకా మునగవచ్చు, అంతకు మించి మునగకూడదు. సముద్రం మీద పోయే ఓడలకూ పక్కన ఇదే గీత ఉంటుందని నేను పుస్తకంలో బొమ్మ చూశాను. రాములు పడవకు పై పలక మీద ఇనుప మేకుల వరుస ఉండేది. మా గీత సరిగ్గా ఆ మేకుల కిందుగా వచ్చింది. యుద్ధకాలం నుంచి దఫ్తరుకు తెల్లరంగు రావడం లేదు గనుక సున్నంలో బెల్లపు నీళ్లు కలిపి గీశాము.

గీత గీస్తుంటే బాలమ్మ దగ్గరికి వచ్చింది. "గిదేంది సారు?"

"సర్కారు గీత. ఇంతవరకే బరువు ఎక్కించాలి. గీత ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. చెరిగిందో, సర్టిఫికెట్ రద్దు."

"చెరగనియ్య సారు. నా పానం లెక్క చూసుకుంట."

రాములుకు సర్టిఫికెట్ ఇచ్చాం. ఆయన దాన్ని రేకు డబ్బాలో పెట్టుకుని, "బాంచెన్ అనుడు సంఘం వచ్చినంక బంద్ చేసిన సారు. దండం మాత్రం పెడుత" అని చేతులు జోడించాడు.

మృగశిర కార్తె వచ్చింది. ఎగువన వానలు పడి కృష్ణకు కొత్తనీరు వచ్చింది. యూనియన్ శిబిరాల నుంచి అప్పటికే కొందరు తిరిగి వచ్చారు. మిగిలినవాళ్లు విత్తనాల అదునుకు వస్తున్నారు. ఎండాకాలంలో నడుం లోతులో దాటగలిగిన చోట కూడా ఇప్పుడు పడవ కావాలి. పడవవాడికి ఏడాది గ్రాసం పుట్టేది ఈ కొత్తనీటి నెలల్లోనే. వరద ముందు పడవలన్నీ ఒకసారి చూసిరావడం మా పని. దీనికి ఫీజు లేదు. నేను ఒక్కణ్ణే పెద్దగుండు రేవుకు పోయి, పుట్టిలో నది దాటి, అవతలి ఒడ్డున కట్టి ఉన్న మా వైపు పుట్టీలు చూసుకుని, మధ్యాహ్నం తిరిగి రావడానికి రాములు పడవ దగ్గర నిలబడ్డాను.

ఒడ్డున సంత లాగా ఉంది. మూటలు, కుంచాలు, పిల్లలు, నాగళ్లు. వాటి మధ్య మల్లయ్య అనే గొర్రెల కాపరి తన మందను పడవలోకి తోలుతున్నాడు. గొడవలప్పుడు మందను ఈ యూనియన్ ఒడ్డుకు తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు ఇంటికి మళ్లాడు.

"జర ఆగు మల్లన్నా, గీత చూడనియ్యి" అన్నాడు రాములు. వంగి, పడవ పక్కను చూసి, "ఇంక పొట్టేలు, నాలుగు గొర్లు పడుతయి. గంతే. గీత దాటితె నేను తియ్య" అన్నాడు.

"నాలుగు ఎక్కినంక మిగిలినయి ఒర్లుతయి. గొర్రెకు గీత గిట్ల తెలుస్తదా?"

"గొర్రెకు తెల్వకుంటె గొర్రె మాలకుకు తెల్వాలె."

నేను సంతోషించాను. మా నియమాన్ని ఇంత నిష్ఠగా పాటించే పడవవాణ్ణి ఇంకో రేవులో చూడలేదు. మల్లయ్య గొణుక్కుంటూ నాలుగు గొర్రెల్ని, వాటికి పెద్దయిన కొమ్ముల పొట్టేలునూ ఎక్కించాడు. నేనూ ఎక్కి పడవ మధ్యలో కూర్చున్నాను. రాములు గడ వేశాడు. బాలమ్మ ముందు భాగాన తెడ్డు పట్టుకుంది.

నది నడుమకు వచ్చాక గొర్రెల్లో ఒకటి నీళ్లకు బెదిరింది. ఒకటి జరిగితే అన్నీ జరుగుతాయి గదా, అన్నీ ఒక పక్కకు ఒరిగాయి. పడవ వంగింది. ఎర్రనీళ్లు అంచు మీదుగా లోపలికి దూకాయి. ఒక పిల్లవాడు ఏడ్వడం మొదలుపెట్టాడు.

"కూసోండ్రి! ఎవ్వలు లేవొద్దు!" అని అరిచాడు రాములు. మల్లయ్య పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఎదుటి పక్కకు లాగి, దాని మీద అడ్డంగా పడుకున్నాడు. పెద్దది పోయిన దిక్కుకే మంద పోతుంది. గొర్రెలు అటు మళ్లాయి, పడవ సర్దుకుంది. ఆడవాళ్లు కుంచాలతో నీళ్లు తోడి పోశారు.

ఆ వంగినప్పుడే పైకి లేచిన పడవ పక్కను నేను అంచు మీదుగా చూశాను. గీత ఉంది. చక్కగా ఉంది. తెల్లగా లేదు, సున్నం మీద పసుపు పడి పారాణి రంగుకు తిరిగింది. వరుసగా కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి. కాని అది మేకుల కింద లేదు. మేకులు దాటి బెత్తెడు పైన ఉంది. మేము మిగిల్చిన పొడి భాగంలో బెత్తెడు నీళ్లలోకి పోయింది.

ఒడ్డు చేరాక అందరూ దిగేదాకా ఆగాను. అప్పుడు రాములును పిలిచి గీత చూపించాను. "దీన్ని ఎవరు జరిపారు?"

రాములు అయోమయంగా చూశాడు. "జరుపుడేంది సారు? గీత గీత తాన్నే ఉంది. దినాం చూసే ఎక్కిస్తున్న."

"మేము మేకుల కింద గీశాం. ఇప్పుడెక్కడ ఉందో చూడు."

ఆయన మేకుల్ని తడిమి చూశాడు. ముఖంలో రంగు మారింది. భార్య వైపు తిరిగాడు. "ఏమే, గిదేం పని?"

బాలమ్మ తెడ్డు కింద పెట్టింది. "నేనేం జేసిన? సారే అన్నడు, చెరగనియ్యొద్దని. సున్నం గీత ఇసుకకు రాసుకొని పోవట్టె. పసుపు పూసిన. గడపకు పూసినట్టు పూసి బొట్లు పెట్టిన. జనం ఎక్కంగనే నీళ్లచ్చి కడిగిపోవట్టె. గడప పసుపు నీళ్లల్ల కొట్టుకపోతె ఇంటికి మంచిదా? తడి తగలకుంట, సున్నం పసుపు జర పైకి పెట్టిన. మల్ల ఐతారం వరకు అదీ తడిసె. ఇంక జర పైకి పెట్టిన."

జరిగింది వరుసగా కలిపి చూసుకున్నాను. రాములు ప్రతి రోజూ గీత చూసి బరువు ఎక్కించాడు. గీత తడిసే దాకా ఎక్కించాడు. తడిసిన గీతను బాలమ్మ పైకి జరిపింది. మళ్లీ ఆయన అక్కడి దాకా ఎక్కించాడు. ఇద్దరూ సర్కారు మాట తప్పలేదు. ఆ మాట నిలబెట్టడంలోనే పడవ మునిగేదాకా వచ్చింది. ఇలాంటి పొరపాటు ఏ ఓడల పుస్తకంలోనూ లేదు. లోడ్‌లైన్‌ను దొంగతనంగా జరిపే ఓనర్ల గురించి చదివాను గాని, గడపలా కడిగి బొట్టు పెట్టేవాళ్ల గురించి ఎవరు రాస్తారు?

పడవ వంగడం చూసి గుట్ట మీది మిలిటరీ ఠాణా నుంచి జవాను దిగి వచ్చి, గీత సంగతి నన్ను అడిగి తెలుసుకున్నాడు. గీత మార్చిన పడవను వెంటనే కట్టేయాలని వాళ్లకూ ఉత్తర్వు ఉంది. ఆ రోజుల్లో బరువు మించి పోయే పడవ అంటే, అడవిలోని దళాలకు ధాన్యం చేరవేస్తోందేమోనని అనుమానం. అనుమానానికి ఎక్కువ రుజువు అడిగేవాళ్లు కాదు. జవాను తాడు తెచ్చి పడవను రాయికి కట్టి, దఫ్తరు నుంచి ఉత్తర్వు వచ్చేదాకా విప్పొద్దని చెప్పి పోయాడు.

అవతలి ఒడ్డున జనం చేతులూపుతున్నారు. నాలుగే గొర్రెలు, ఒక పొట్టేలు ఇవతలికి వచ్చిన మల్లయ్య, అటు మిగిలిన మంద వైపు చూస్తూ నిలబడ్డాడు. "గుమాస్త సారు, నా జీవాలు ఆడ ఉన్నయి, నేను ఈడ ఉన్న. గిదేం ఇన్సాఫ్?"

నియమం స్పష్టంగానే ఉంది. లోడ్‌లైన్ మారితే సర్టిఫికెట్ రద్దు. మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ సర్వే కావాలి. రాములు మొదటి ఫీజు పెద్ద వల అమ్మి కట్టాడని నాకు తెలుసు. రెండో ఫీజుకు అమ్మడానికి మిగిలింది ఆ పడవే.

"దేవరకొండకు రా" అన్నాను. "ఖాదర్ సాహెబుకు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"నేను గూడ వస్త" అంది బాలమ్మ. "జరిపింది నేను. ఆయన్ని అడుగుతె ఏం చెప్తడు?"

మర్నాడు దఫ్తరులో ఇద్దరూ వాకిట నిలబడ్డారు. ఖాదర్ సాహెబు నెమ్మదైన మనిషి. ప్రభుత్వం మారాక చుట్టూ ఎన్నో కుర్చీలు మారాయి, ఆయన ఉంటారో పోతారో ఆయనకే తెలియని కాలం. అయినా పొద్దున పదింటికి వచ్చి కళ్లద్దాలు తుడుచుకుని కూర్చునేవారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. పడవ వంగిన సంగతీ దాచలేదు.

"నీళ్లకు తగలాల్సిన గీతను పైకెందుకు తీస్కపోయినవమ్మా?" అని అడిగారు.

"తగలాల్నని మాకెవరు చెప్పిండ్రు సాబ్? చెరగొద్దన్నరు. చెరగనియ్యలే" అంది బాలమ్మ.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత నాతో, "గీత చెరిపినోళ్లకు ఏం చెయ్యాలో రాసి ఉంది. గీతకు పూజ చేసినోళ్లకు ఏం చెయ్యాలో లేదు" అన్నారు. మళ్లీ రాములు వైపు తిరిగి, "కాని గీత తప్పు జాగాల ఉంటె పడవ విప్పనియ్యలేను. సర్వే మల్ల కావాలె. ఫీజు మాఫ్ చేసే అధికారం నాకు లేదు బేటా" అన్నారు.

రాములు తల వంచుకున్నాడు. ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగాడు.

"సాబ్, ఒక్క మాట. ఫీజు పడవ తేలినందుకు గాదు, మేము చూసినందుకని గుమాస్త సారు అన్నడు. అన్నవా లేదా సారు?"

"అన్నాను."

"మరి చూసుడు మొత్తం అయ్యిందా? కట్టె చూసిండ్రు, నార చూసిండ్రు, గీత గీసిండ్రు. గీత దేనికో మా ఇద్దరికి సమజయ్యిందా లేదా చూడలే. సగమే చూసి పోయిండ్రు. నేను పైసలు మొత్తం కట్టిన. ఆ మిగిలిన సగం ఇప్పుడు చూడుండ్రి."

బాలమ్మ భర్తను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఖాదర్ సాహెబు ముందు నవ్వలేదు. నా వైపు చూసి, "మియా, అడ్జర్న్‌డ్ సర్వే" అన్నారు. అంటే ఒక రోజులో పూర్తికాని సర్వేను ఇంకోరోజుకు వాయిదా వేయడం. పెద్ద పడవలకు అప్పుడప్పుడు అవసరపడేది. వాయిదా పడిన సర్వే పూర్తి చేయడానికి కొత్త ఫీజు ఉండదు, పాత ఫీజే చెల్లుతుంది. సర్వే పూర్తికాలేదని పై అధికారులకు చెప్పుకోవడం దఫ్తరుకు మర్యాద కాదు. సంజాయిషీ అడుగుతారు. ఆయన కుర్చీ అసలే కదులుతున్న రోజులు. అయినా కళ్లద్దాలు పెట్టుకుని, సర్వే అసంపూర్తిగా ఉందని, పూర్తి చేయడానికి రేపే బయలుదేరుతున్నామని తన చేత్తో రాసి సంతకం చేశారు. అప్పుడు నవ్వారు.

"ఈయన వకీలు కావాల్సినోడు" అన్నారు బాలమ్మతో.

"ఇంట్ల ఎన్నడు గింత నోరు లేవలే సాబ్. ఈడ ఫీజు లేదని లేచినట్టుంది."

రేవులో మళ్లీ సర్వే చేశాం. ఈసారి వడ్రంగి అయిన వడ్ల బ్రహ్మయ్యను పిలిపించి, సున్నంతో కాకుండా ఉలితో గీత చెక్కించాం. మేకుల కింద, మొదటి చోటనే. ఆ తర్వాత నేను గీత గురించి చెప్పబోయాను. ఫ్రీబోర్డ్, బరువు, నీటి మట్టం అని పుస్తకంలో ఉన్నట్టు మొదలుపెట్టాను. బాలమ్మ మర్యాదగా వింటోంది గాని కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఆగిపోయి, వాళ్ల ఇంటి ముందున్న నీళ్ల గోలెంలో ఒక సత్తు గిన్నె తేలేశాను. దాంట్లో గులకరాళ్లు వేయమన్నాను.

ఆమె ఒక్కొక్కటే వేసింది. గిన్నె దిగుతూ పోయింది. సగం దిగినప్పుడు నేను గోలెంను చేత్తో తట్టాను. నీళ్లు ఊగాయి, గిన్నె నిలబడింది. ఇంకొన్ని రాళ్లు వేయమన్నాను. అంచు దగ్గరికి దిగాక మళ్లీ అంతే మెల్లగా తట్టాను. గిన్నె ఒక్కసారి నీళ్లు తాగి అడుక్కు పోయింది.

మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. "మొన్న మనం గా గిన్నెల ఉన్నమన్నట్టు."

బాలమ్మ గోలెం అడుగున ఉన్న గిన్నెను తీసి నీళ్లు ఒంపింది. తర్వాత లేచి పడవ దగ్గరికి పోయి చెక్కిన గీత మీద వేలు రాసింది.

"అంటె గిది మా గడప గాదు సారు."

"కాదు."

"గంగమ్మ గడప. ఆడిదాక ఆమె రావచ్చు. అది దాటి లోపలికొస్తె మన కొంప మునుగుతది."

"అంతే."

"మరి గా మాట మొదలే చెప్పొద్దా? ఆమె గడప ఆమె తడుపుకుంటది. నేనెందుకు పసుపు పెడుత?" అని, పసుపు గిన్నె తెచ్చి పడవ పై అంచుకు, మేకులకు చాలా పైన, తన గడపకు తను పూసుకుంది.

ఖాదర్ సాహెబు సర్టిఫికెట్ రాములు చేతికిచ్చారు. జవాను వచ్చి తాడు విప్పాడు. మొదటి రెండు ఖేపుల్లో మల్లయ్య మంద వచ్చింది. గీత చూసి ఒక్క ఖేపులో అన్నిటినీ ఎక్కించనందుకు ఆయన రాములును తిట్టాడు, రాములు నవ్వాడు. అదును దాటకముందే జనమంతా ఇవతలికి చేరారు.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నాను. సర్వే అయ్యాక పడవ ఓనరునే కాదు, ఇంట్లో ఆడవాళ్లను కూడా పిలిచి, గీత దేనికో వాళ్ల మాటల్లో నాకు చెప్పమనేవాణ్ణి. చెప్పాకనే కాగితం ఖాదర్ సాహెబు బల్ల మీదికి పోయేది. కట్టె పరీక్షించినట్టే మాటనూ పరీక్షించాలని నాకు నేర్పింది ఆ పడవే. ఫీజు చూసినందుకని అందరికీ చెప్పేవాణ్ణి గదా, ఏమేం చూడాలో రాములు చెప్పాక తెలిసింది.

ఈ సంగతి రాయడానికి సాయపడ్డ వాళ్లకు నా నమస్కారాలు. సముద్రం లేని ఊళ్లో ఓడల పుస్తకాలు అడిగితే నవ్వకుండా వెదికి ఇచ్చిన గ్రంథాలయం నర్సింహులుకు. సర్వే పూర్తికాలేదని తన పేరు మీద రాసుకున్న ఖాదర్ సాహెబుకు. ఆయన కుర్చీ నిలిచింది, పింఛను కూడా తీసుకున్నారు. ఉలితో గీత చెక్కిన వడ్ల బ్రహ్మయ్యకు. నది నడుమ మమ్మల్ని నిలబెట్టిన మల్లయ్యకు, ఆయన పొట్టేలుకు. ఈ వయసులోనూ నా దగ్గరికి వచ్చి, మరిచిపోయినవి గుర్తుచేసి, గుర్తున్నవాటిలో తప్పులు దిద్దిన రాములుకు.

అందరికన్నా చివర బాలమ్మకు. ఆమె గురించి రాములు చెప్పిన ఒక్క మాట ఇక్కడ చేర్చాలి. సాగర్ కడుతున్న రోజుల్లో కొందరు సర్వేవాళ్లు వచ్చి, రేవు పైన గుట్ట వాలున రాళ్లు పాతి, నీళ్లు అంతవరకు వస్తాయని వాటి మీద తెల్లగీతలు గీశారట. నది ఎక్కడ, ఆ గీతలెక్కడ? ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నమ్మనివాళ్లు మూటలు కట్టలేదు. బాలమ్మ గుట్టెక్కి ఒక రాయి ముందు నిలబడి చూసిందట. "గిది గంగమ్మ గడప. దీని కిందున్నదంత ఆమెదే. లేవుండ్రి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. ముందుగా కదిలింది వాళ్లే, వాళ్లను చూసి మిగిలినవాళ్లు కదిలారు.

ఆ రాయికి ఆమె పసుపు పెట్టలేదు. దానికి పైన, కొత్తగా వేసుకున్న ఇంటి గడపకు పెట్టింది.